బంతి గాలిలో ఉన్నంతసేపు

1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషా ఊళ్లో రెండు కాలేజీ జట్లు తలపడ్డాయి. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతున్న బ్రాడ్‌బరీ రాబిన్సన్ బంతిని ముందుకు, గాలిలోకి విసిరాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిబంధనలకు లోబడి వేసిన మొదటి ఫార్వర్డ్ పాస్‌గా దాన్నే చెప్పుకుంటారు. ఆ బంతి ఎవరికీ అందలేదు, నేలమీద పడింది. పడగానే ఎదుటి జట్టు పరమైంది. అప్పటి రూలు అలా ఉండేది: విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేల తాకితే దాని మీద నీకిక హక్కు లేదు. ఇప్పుడు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ నలభై గజాల దూరం విసిరిన బంతి నేలపాలైతే ఒక ప్రయత్నం వృథా అవుతుంది, అంతే. బంతి ఎదుటివాళ్లకు పోదు, ఉన్నచోటు నుంచే మళ్లీ ఆడతారు. అదే బంతి గాలిలో ఉండగా డిఫెండర్ చెయ్యి రిసీవర్ మోచేతిని రెప్పపాటు ముందు పట్టుకుందని ఒక రిఫరీకి అనిపిస్తే పసుపు జెండా పడుతుంది. బంతి ఎవరి చేతికీ చిక్కకపోయినా ఆ నలభై గజాలూ విసిరినవాడి జట్టు ఖాతాలోకి పోతాయి. ఒకప్పుడు విసిరినవాడి నెత్తిన ఉన్న ముప్పు ఇవాళ అడ్డుకునేవాడి నెత్తిన ఉంది. ఈ బదలాయింపు ఒక్క రోజులో జరగలేదు, ఎవరో ఒకరు కూర్చుని రాసిందీ కాదు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ నిబంధన చరిత్ర అంతా ఆ బదలాయింపు చరిత్రే. దాని చుట్టూ ఇవాళ్టికీ తెగని తగాదాకు మూలం కూడా అక్కడే ఉంది.

ఆట తెలియనివారి కోసం కొంచెం వివరణ. జట్టుకు పదకొండుమంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి, వాటిని డౌన్‌లంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు సాగితే మరో నాలుగు డౌన్‌లు దక్కుతాయి. బంతి పట్టుకుని పరిగెత్తవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ ముందుకు విసిరితే రిసీవర్ పట్టుకోవచ్చు. బంతి చేతిలో ఉన్నవాణ్ని ఎంత గట్టిగా పడగొట్టినా తప్పు లేదు, ఆటే అది. విసిరిన బంతి గాలిలో ఉన్న ఆ రెండు మూడు సెకన్లు మాత్రం వేరే ధర్మం నడుస్తుంది. అప్పుడు బంతి ఎవరి సొత్తూ కాదు. రిసీవర్‌కూ, అతన్ని కాపు కాస్తున్న డిఫెండర్‌కూ దాని మీద సమాన హక్కు. ఇద్దరూ బంతి కోసమే ఎగిరి గుద్దుకుంటే నేరం కాదు. బంతిని వదిలేసి మనిషిని ఆపితే నేరం, దాని పేరే పాస్ ఇంటర్‌ఫియరెన్స్. చెయ్యి పట్టి లాగడం, వెనకనుంచి మీదపడటం, నడుం పట్టి తిప్పేయడం, దారికి అడ్డం పడటం ఇందులోకే వస్తాయి. రిసీవరే డిఫెండర్‌ని తోసేసి ఖాళీ సంపాదించినా తప్పే, దానికి శిక్ష పది గజాలు. తగిలీ తగలనట్టు తగిలితే తప్పు కాదు. అసలు ఎవరికీ అందే అవకాశం లేని బంతి అయితే తప్పు కాదు. ఇన్ని మినహాయింపుల మధ్య ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధన మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: బంతిని పట్టే అవకాశాన్ని ‘గణనీయంగా’ దెబ్బతీశాడా, లేదా?

క్రికెట్ చూసే మనకు ఈ చిక్కు కొత్తది కాదు. ఎల్‌బీడబ్ల్యూలో అంపైర్ జరిగినదాన్ని చూసి తీర్పు చెప్పడు. కాలు అడ్డు రాకపోయి ఉంటే ఏం జరిగేదో ఊహించి చెబుతాడు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ కూడా అలాంటి ఊహే: ఆ చెయ్యి పడకపోయి ఉంటే బంతి చిక్కేదా? అయితే ఒక తేడా ఉంది. క్రికెట్ బంతికి సొంత బుద్ధి లేదు. ప్యాడ్‌కి తగిలేదాకా అది వచ్చిన దారిని బట్టి ఆపైన పోయే దారిని యంత్రం లెక్కగట్టగలదు. ఫుట్‌బాల్‌లో ఊహించాల్సింది ఒక మనిషి ఏం చేసేవాడని. అతను ఇంకో అడుగు వేసేవాడా, వేళ్లు చాపేవాడా, అసలు బంతిని చూశాడా? దీన్ని లెక్కగట్టే కెమెరా లేదు. ఈ తేడాను మనసులో ఉంచుకుని చరిత్రలోకి వెళ్తే, నిబంధనను సవరించినవాళ్లు పదేపదే ఎక్కడ పొరబడ్డారో కనిపిస్తుంది.

ఫార్వర్డ్ పాస్ పుట్టిందే చావుల నుంచి. 1905 సీజన్‌లో కనీసం 18 మంది ఆటగాళ్లు చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. ఆనాటి ఆట అంతా గుంపుగా ఒకరినొకరు పట్టుకుని ఎదుటి గుంపు మీదకు దూకడమే. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను చక్కదిద్దమన్నాడు. మరుసటి ఏడాది కొత్త నిబంధనలతో పాటు ఫార్వర్డ్ పాస్ వచ్చింది. బంతి గాలిలోకి లేస్తే ఆటగాళ్లు మైదానమంతా చెదురుతారు, గుంపులు విడిపోతాయి, ఎముకలు విరగడం తగ్గుతుందన్నది ఆలోచన. కానీ పాత ఆటను ప్రేమించినవాళ్లకు ఇది రుచించలేదు. అందుకే అనుమతిస్తూనే కాళ్లకు బంధాలు వేశారు. బంతి బయల్దేరిన చోటుకు కనీసం ఐదు గజాల పక్కగా, ఆట మొదలయ్యే గీత దాటాలన్నారు. అది సరిచూడటానికి మైదానం మీద నిలువు గీతలు కూడా గీస్తే, చూడటానికి అదొక చదరంగపు బల్లలా తయారైంది. పట్టు తప్పితే బంతి పోతుందన్నారు. 1907లో దాన్ని కొంత సడలించి, మొదటి రెండు డౌన్‌లలో పదిహేను గజాల శిక్షగా మార్చారు. ఆ తొలి ఏళ్లలో పాస్ కోసం పరిగెత్తేవాణ్ని ఎదుటివాళ్లు అందరిలాగే పడగొట్టేవారు. సహచరులే అతని చుట్టూ దడి కట్టి కాపాడుకోవాల్సి వచ్చేది. పాస్‌ను అనుమతించిన చట్టం, పాస్ అందుకునేవాణ్ని గాలికి వదిలేసింది.

1909లో మైదానంలో మళ్లీ చావులు జరిగాక ఆట పెద్దలు ఇంకోసారి కూర్చున్నారు. 1910 ప్రాంతంలో చేసిన సవరణల్లో బంతి కోసం వెళ్తున్నవాణ్ని అడ్డుకోకూడదన్న రక్షణ రూపు దిద్దుకుంది. అయితే ఆ చేత్తో ఇచ్చి ఈ చేత్తో పుచ్చుకున్నారు: పాస్ ఇరవై గజాలకు మించి పోకూడదన్న హద్దు పెట్టారు. 1912లో ఆ హద్దు ఎత్తేశారు. నాలుగో డౌన్, మైదానం చివర బంతి చేరితే టచ్‌డౌన్ అయ్యే పది గజాల ఎండ్ జోన్ కూడా ఆ ఏడాదే వచ్చాయి. 1913 నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో నోటర్ డామ్ జట్టు గస్ డొరైస్ పాస్‌ల మీద ఆధారపడి ఆర్మీని 35-13తో ఓడించేసరికి, గాలిలో ఆడే ఆటకు ఎంత బలముందో తూర్పు తీరం పెద్ద జట్లకు అర్థమైంది. అయినా అనుమానం చావలేదు. 1926లో కాలేజీ నిబంధనలు ఒకే వరసలో రెండో పాస్ కూడా నేలపాలైతే ఐదు గజాలు వెనక్కి నెట్టాయి. 1930ల్లో దాన్ని వదిలేశారు. పుచ్చకాయలా ఉబ్బిన బంతిని సన్నగా చేసిందీ ఆ దశాబ్దంలోనే. స్క్రిమేజ్ గీత (ఆట మొదలయ్యే చోటి గీత) వెనక ఎక్కడినుంచైనా పాస్ వేయవచ్చని ఎన్‌ఎఫ్‌ఎల్ 1933లో ఒప్పుకుంది. ఈ మార్పులన్నిటినీ ఒక వరసలో పెట్టి చూస్తే అవి నడిచిన దిక్కు ఒక్కటే. విసరడం వల్ల పోయేది ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

ఈ కథలో ఒక గుడ్డముక్కకు కూడా చోటుంది. తప్పు జరిగిందని చెప్పడానికి అప్పట్లో అధికారులు చిన్న బూర ఊదేవారు, లేదా ఈల వేసేవారు. స్టేడియం హోరులో అది చాలామందికి వినపడేది కాదు. 1941 అక్టోబరులో యంగ్స్‌టౌన్ కాలేజీ కోచ్ డ్వైట్ బీడ్ భార్య ఇర్మా ఎర్ర గుడ్డకు తెల్ల చారలు కుట్టి కొన్ని జెండాలు తయారుచేసింది. ఓక్లహోమా సిటీ విశ్వవిద్యాలయంతో ఆడిన మ్యాచ్‌లో అధికారులు వాటిని తొలిసారి వాడారు. 1948 నాటికి జెండా అధికారిక పద్ధతి అయింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇవాళ కనిపించే పసుపు రంగు 1965లో వచ్చింది. సౌకర్యం కోసం పుట్టిన ఈ వస్తువు పాస్ ఇంటర్‌ఫియరెన్స్ తగాదాకు ఒక ఆకారం ఇచ్చింది. బూర శబ్దం గాలిలో కలిసిపోతుంది. జెండా గడ్డి మీద పడి ఉంటుంది, అరవైవేలమంది దాన్నే చూస్తుంటారు, బంతి పట్టలేకపోయిన రిసీవర్ చేతులు చాచి దానికోసమే వెతుకుతుంటాడు. పడిన జెండాను అధికారులు మాట్లాడుకుని తిరిగి జేబులో పెట్టుకుంటే గొడవ ఇంకా పెద్దది. 2015 జనవరిలో డాలస్, డెట్రాయిట్ జట్ల ప్లేఆఫ్ మ్యాచ్‌లో అదే జరిగింది. డాలస్ ఆటగాడి మీద తప్పు ప్రకటించాక కూడా జెండాను వెనక్కి తీసుకున్నారు. డాలస్ 24-20తో నెగ్గింది. ఆ జెండా సంగతి డెట్రాయిట్ అభిమానులు ఇంకా మరచిపోలేదు.

అసలు మలుపు 1970ల్లో వచ్చింది. అప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెండర్లు తెలివి మీరారు. బంతి గాలిలోకి లేచాక ముట్టుకుంటే ఇంటర్‌ఫియరెన్స్ కదా, లేవకముందే రిసీవర్‌ని కొట్టి, తోసి, దారి తప్పిస్తే సరి. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కార్నర్‌బ్యాక్ మెల్ బ్లౌంట్ ఈ పనిలో ఆరితేరినవాడు. పొడవు, బలం, వేగం మూడూ ఉన్నవాడు. 1975లో ఒక్క సీజన్‌లో 11 పాస్‌లను మధ్యలో తన్నుకుపోయాడు. 1974లోనే లీగ్ ఇలాంటి తాకుళ్లను ఒక్కసారికి పరిమితం చేసింది. అది చాల్లేదు. 1977లో ఒక జట్టు ఒక మ్యాచ్‌లో చేసే పాయింట్ల సగటు 17.2కు పడిపోయింది. 1942 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 1978లో లీగ్ గట్టి దెబ్బే వేసింది. గీత నుంచి ఐదు గజాలు దాటాక రిసీవర్‌ని తాకకూడదంది. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాళ్లు చేతులు చాచి, అరచేతులు తెరిచి అడ్డుకోవచ్చంది. మైదానంలో ఏడో అధికారిని కూడా దించింది. జనం దీనికి పెట్టిన పేరు మెల్ బ్లౌంట్ రూలు. 1980 నాటికి ఆ సగటు 20 దాటింది. విచిత్రమేమిటంటే, రూలు ఎవరి పేరు మీద వచ్చిందో అతని జట్టే దాన్నుంచి ముందుగా లాభపడింది. టెర్రీ బ్రాడ్‌షా పాస్‌లతో స్టీలర్స్ 1978, 1979 సీజన్లలో వరసగా రెండు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచింది.

ఇదంతా ఆటగాళ్ల క్షేమం కోసమేనని ఒక సమాధానం వినిపిస్తుంది. 1906కు, 1910కి అది నిజమే, అక్కడ శవాలు సాక్ష్యం. 1978కి మాత్రం ఆ మాట చెల్లదు. రిసీవర్‌ని ఐదు గజాల లోపల గుద్దినా నొప్పి అంతే, ఆరో గజంలో గుద్దినా అంతే. హద్దు ఆ ఐదు గజాల దగ్గర పడటానికి కారణం వైద్యం కాదు, స్కోరుబోర్డు. 2004లో ఇది ఇంకా తేటగా బయటపడింది. ఆ జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ డిఫెండర్లు ఇండియానాపొలిస్ కోల్ట్స్ రిసీవర్లను మ్యాచ్ అంతా పట్టి లాగారని కోల్ట్స్ శిబిరం గగ్గోలు పెట్టింది. పేట్రియట్స్ డిఫెండర్ టై లా ఆ రోజు కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ పాస్‌లు మూడింటిని చేజిక్కించుకున్నాడు, పేట్రియట్స్ 24-14తో నెగ్గింది. కోల్ట్స్ అధ్యక్షుడు బిల్ పోలియన్ నిబంధనలు చూసే కమిటీలో సభ్యుడు కూడా. తర్వాతి సీజన్‌కు రూలులో అక్షరం మారలేదు, ఉన్న ఐదు గజాల రూలును గట్టిగా అమలు చేయమని అధికారులకు ఆదేశం వెళ్లింది. ఆ ఏడాది మానింగ్ 49 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 1984లో డాన్ మరీనో నెలకొల్పిన 48 రికార్డును దాటేశాడు. కారణం ఆ ఆదేశం ఒక్కటే అనలేం, మానింగ్ మామూలు ఆటగాడు కాదు. కానీ పుస్తకం మారకుండానే ఆట మారగలిగిందంటే, ఆ పుస్తకంలో రాసింది ఖచ్చితమైన గీత కాదని, అవసరాన్ని బట్టి బిగించి వదిలే తాడని ఒప్పుకోవాలి.

తాడును ఇలా ఒక వైపు లాగుతూ పోయేకొద్దీ ఒక్కో జెండా బరువు పెరిగింది. 1979 జనవరిలో మయామీలో జరిగిన సూపర్ బౌల్ దీనికి పాత ఉదాహరణ. నాలుగో క్వార్టర్, పిట్స్‌బర్గ్ 21, డాలస్ 17. బ్రాడ్‌షా దూరంగా వేసిన బంతి కోసం లిన్ స్వాన్, అతన్ని కాపు కాస్తున్న బెన్నీ బార్న్స్ పక్కపక్కన పరిగెత్తారు, కాళ్లు పెనవేసుకున్నాయి, ఇద్దరూ పడిపోయారు. ఇద్దరిలో ఎవరి కాలికి ఎవరు అడ్డుపడ్డారో టీవీలో ఎన్నిసార్లు చూసినా తేలదు. అధికారి ఫ్రెడ్ స్వేరింజెన్ జెండా వేశాడు. ఆ దెబ్బకు స్టీలర్స్ 33 గజాలు ముందుకొచ్చింది, కాసేపటికే టచ్‌డౌన్ చేసింది. చివరికి 35-31తో గెలిచింది. డాలస్ అభిమానులు స్వేరింజెన్ కళ్లను తిట్టారు. తిట్టాల్సింది కళ్లనా? కాళ్లు తట్టుకున్నాయన్నది అతనూ చూశాడు, వాళ్లూ చూశారు. తేడా ఆ తాకిడికి ఎంత విలువ కట్టాలన్న దగ్గర వచ్చింది. ఆ విలువ 33 గజాలు కాబట్టి, అనుమానం ఉన్న చోట తీర్పు ఏ పక్కకు ఒరిగినా ఒక జట్టు నిండా మునుగుతుంది.

2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ సంగతి మరచి, రోగాన్ని కంటిలో వెతికింది. ఆ ఏడాది జనవరి 20న న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్‌లో సెయింట్స్, లాస్ ఏంజెలెస్ రామ్స్ మధ్య మ్యాచ్. గెలిచినవాళ్లకు సూపర్ బౌల్ బెర్తు. స్కోరు 20-20, ఆటలో మిగిలింది 1 నిమిషం 49 సెకన్లు. రామ్స్ 13 గజాల గీత దగ్గర సెయింట్స్‌కు మూడో డౌన్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ కుడి అంచు వైపు టామీలీ లూయిస్‌కు బంతి వేశాడు. రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్మన్ బంతి వైపు తలైనా తిప్పకుండా దూసుకొచ్చి, బంతి చేరకముందే లూయిస్‌ను పడేశాడు. జెండా పడలేదు. పడి ఉంటే సెయింట్స్ గడియారాన్ని కరిగించి, చివర్లో బంతిని తన్ని చేసే ఒక తేలికైన ఫీల్డ్ గోల్‌తో గెలిచే వీలుండేది. అది లేక, ముందే మూడు పాయింట్లు తీసుకుని రామ్స్‌కు సమయం వదిలింది. రామ్స్ సమం చేసి, అదనపు సమయంలో గ్రెగ్ జర్లైన్ 57 గజాల ఫీల్డ్ గోల్‌తో 26-23గా గెలిచింది. తాను ముందే తగిలానని రోబీ-కోల్మనే ఒప్పుకున్నాడు. లీగ్ కార్యాలయం సెయింట్స్ కోచ్ షాన్ పేటన్‌కు ఫోన్ చేసి తప్పయిందంది. లూయిజియానాలో అభిమానులు కోర్టుకెక్కారు. ఆ మార్చిలో జట్ల యజమానులు 31-1 ఓటుతో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను ఒక ఏడాది ప్రయోగంగా వీడియో సమీక్ష కిందికి తెచ్చారు. జెండా పడిన తీర్పులే కాదు, పడని తీర్పులు కూడా. వ్యతిరేకించింది సిన్సినాటి ఒక్కటే.

ఆ సీజన్‌లో సుమారు వంద సమీక్షలు జరిగాయి, మారిన తీర్పులు నాలుగోవంతు లోపే. నవంబరులో బాల్టిమోర్‌లో డిఫెండర్ తనను పట్టి లాగాడని హ్యూస్టన్ రిసీవర్ డిఆండ్రే హాప్కిన్స్ వాపోయాడు. కోచ్ సవాలు చేశాడు. వీడియోలో లాగడం కనిపిస్తూనే ఉన్నా తీర్పు మారలేదు. ఒక వారం మారినది మరో వారం ఎందుకు మారలేదో కోచ్‌లకు అంతుపట్టలేదు. 2020 జనవరిలో సెయింట్స్ మళ్లీ సొంత గడ్డ మీదే మిన్నెసోటా చేతిలో 26-20తో ఓడింది. అదనపు సమయంలో గెలుపు టచ్‌డౌన్ పట్టిన కైల్ రుడాల్ఫ్ డిఫెండర్‌ని చేత్తో తోశాడన్నది వాళ్ల ఆరోపణ. ఏ జట్టు కన్నీళ్ల వల్ల సమీక్ష వచ్చిందో ఆ జట్టునే అది ఆదుకోలేదు. సీజన్ ముగిశాక ప్రయోగాన్ని పొడిగించమని అడిగినవాడు లేడు, అది అలాగే గడువు తీరి పోయింది. కెమెరాలు తక్కువై కాదు ఇది విఫలమైంది. చెయ్యి పడిందా అన్నదానికి కెమెరా జవాబు చెప్పగలదు. ఆ చెయ్యి ‘గణనీయమా’ అన్నదానికి చెప్పలేదు. పైగా వీడియో నెమ్మదిగా తిప్పితే ప్రతి తాకుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. ఎల్‌బీడబ్ల్యూకు పనికొచ్చిన మందు ఇక్కడ పని చేయకపోవడానికి కారణం ముందే చూశాం: ఇక్కడ ఊహించాల్సింది మనిషిని. సూపర్‌డోమ్‌లో జరిగింది ఎవరూ కాదనలేని పొరపాటు. బార్న్స్, స్వాన్‌ల విషయం ఎవరూ తేల్చలేని సందిగ్ధం. మొదటిదానికోసం పుట్టిన మందును రెండోదానికి తాగించారు.

మరి సందిగ్ధానికి ఏది మందు? నా అభిప్రాయంలో, శిక్ష పరిమాణం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెండర్ తప్పుకు బంతిని తప్పు జరిగిన చోటికి తీసుకుపోతారు, కొత్త డౌన్ ఇస్తారు. ఎండ్ జోన్‌లో జరిగితే ఒక గజం గీత దగ్గర పెడతారు. కాలేజీ ఆట 1980ల నుంచి దీన్ని పదిహేను గజాలకు పరిమితం చేసింది. హైస్కూల్ ఆట కూడా పదిహేను గజాలే వేస్తుంది, పైగా 2013 నుంచి తనంతట వచ్చే కొత్త డౌన్ కూడా తీసేసింది. ఒకే నేరానికి ఒకే దేశంలో మూడు అంతస్తుల్లో మూడు రకాల ధరలున్నాయి. ధర అపరిమితంగా ఉన్నచోట వంకర లాభాలు పుడతాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దూరంగా విసిరిన బంతి కాస్త కురచగా పడితే రిసీవర్ ఆగి వెనక్కి తిరుగుతాడు, వెన్నంటి పరిగెత్తుతున్న డిఫెండర్ అతని మీద పడతాడు, నలభై గజాలు. బాగా వేసిన బంతి కంటే సరిగా వేయని బంతికి ఎక్కువ ప్రతిఫలం దక్కే ఈ పద్ధతి, పాస్‌ను ముప్పు నుంచి కాపాడటం దాటిపోయి, ముప్పునే ఒక ఎత్తుగడగా మార్చింది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. శిక్ష పదిహేను గజాలే అయితే, పరుగులో ఓడిపోయిన డిఫెండర్ టచ్‌డౌన్ ఇచ్చుకునే బదులు రిసీవర్‌ని బాహాటంగా పట్టి పడేస్తాడు. యాభై గజాల నష్టాన్ని పదిహేనుతో కొనుక్కుంటాడు. ఇది నిజం. కాలేజీ ఆటలో అలా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ దానివల్ల కాలేజీ పాస్ ఆట మూలపడలేదు, దశాబ్దాలుగా వర్ధిల్లుతూనే ఉంది. బాహాటమైన నేరానికి వేరే ధర పెట్టనూ వచ్చు. 2022లో మళ్లీ మొదలైన యూఎస్ఎఫ్ఎల్ లీగ్ సరిగ్గా అదే చేసింది: మామూలు తప్పుకు పదిహేను గజాల హద్దు, కావాలని పట్టి పడేస్తే జరిగిన చోటే. 2018లో న్యూయార్క్ జెట్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ ముందు ఇలాంటి ప్రతిపాదనే పెట్టింది, అది నెగ్గలేదు. రెండు మెట్ల శిక్ష ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కొత్త కాదు. బంతిని తన్నేవాడికి డిఫెండర్ తగిలితే ఐదు గజాలు, అతని మీద పడి కొడితే పదిహేను, ఇప్పటికీ అమల్లో ఉంది. హెల్మెట్ ఫేస్‌మాస్క్ పట్టడంలో ఉన్న ఇలాంటి రెండు మెట్లను లీగ్ 2008లో తీసేసిందని ఎదుటివాళ్లు గుర్తుచేస్తారు. అదీ నిజమే. అక్కడ పట్టాడా, పట్టి లాగాడా అన్నది అంగుళాల లెక్క. ఇక్కడ గీయాల్సిన గీత బంతి కోసం పోరాడేవాడికీ, బంతి సంగతే వదిలేసినవాడికీ మధ్య. చూడటానికి ఇది అంత కష్టం కాదు, అధికారులు ఇవాళ కూడా మొదట చూసేది అదే.

శిక్ష తగ్గించినంత మాత్రాన తగాదా ఆరిపోతుందని మాత్రం అనలేను. గోల్ గీత దగ్గర గజాలకు విలువ లేదు, డౌన్‌కే విలువ. 2003 జనవరిలో కాలేజీ జాతీయ ఫైనల్ అయిన ఫియస్టా బౌల్‌లో మయామీ విశ్వవిద్యాలయం ఏడు పాయింట్ల ఆధిక్యంతో ఉంది, అదనపు సమయంలో ఓహయో స్టేట్‌కు నాలుగో డౌన్, ఐదు గజాల గీత. పాస్ చేజారింది. మయామీ ఆటగాళ్లు మైదానంలోకి ఉరికారు, ఆకాశంలో బాణసంచా వెలిగింది. అప్పుడు, కొన్ని క్షణాల ఆలస్యంగా, అధికారి టెర్రీ పోర్టర్ జెండా వేశాడు. కొత్త డౌన్‌లు దక్కిన ఓహయో స్టేట్ రెండో అదనపు సమయంలో 31-24తో జాతీయ విజేత అయింది. అది కాలేజీ ఆట, పదిహేను గజాల హద్దు అప్పటికే ఉంది, ఏమీ ఆపలేదు. సూపర్‌డోమ్ పొరపాటూ అంతే, 13 గజాల దగ్గర ఏ హద్దు పెట్టినా ఫలితం మారదు. అలాంటి చోట్ల అధికారి కంటిని నమ్మడం తప్ప గతి లేదు, ఎవరూ కాదనలేని పొరపాటును సరిచేసే ఏర్పాటు ఉంటే మంచిదే. కానీ మైదానం నూరు గజాలు. అందులో ఎక్కువ భాగంలో ఒక సందిగ్ధపు తాకిడి ఖరీదును పదిహేను గజాలకు దించవచ్చు. తీర్పు తప్పయినా ఆట మొత్తం దాని కింద నలిగిపోదు.

పాస్‌ను కాపాడాలన్న నిర్ణయంలో తప్పు లేదు. వాకెషాలో రాబిన్సన్ మొదటి బంతి నేల తాకి ఎదుటివాళ్లకు పోయిన రోజున, ఆ చట్టం విసిరేవాణ్ని శిక్షించి, ఆటను గుంపుల కిందే నలగనిచ్చింది. దాన్ని సరిదిద్దడానికి ఏళ్లు పట్టింది, ఆ సవరణలన్నీ కలిసి ఇవాళ్టి ఆటను నిర్మించాయి. కానీ సరిదిద్దే చెయ్యి ఎక్కడ ఆగాలో ఆగలేదు. నేలపడిన పాస్‌కు 1906లో ఒక జట్టు బంతినే పోగొట్టుకుంది. ఇవాళ అలాగే నేలపడిన పాస్‌కు మరో జట్టు నలభై గజాలు పోగొట్టుకుంటోంది. రెండు చోట్లా బంతి నేలమీదే ఉంది, ఎవరూ దాన్ని పట్టలేదు. ఆ మధ్య ఎక్కడో పదిహేను గజాల దగ్గర, బంతి గాలిలో ఉన్నంతసేపు ఇద్దరికీ దాని మీద సమాన హక్కని రాసుకున్న మాటకు కట్టుబడే చోటు ఒకటుంది. కాలేజీ ఆట నాలుగు దశాబ్దాలుగా అక్కడే ఆడుతోంది.